పెండ్లెప్పుడని అడగని ఊరు

ఇంకా నాలుగైదు వందల పోగులున్నాయి. సాంచా వెనకాల గొంతుక్కూచుని, మోకాళ్లు ఛాతీకి ఆనించి, అయిపోయిన భీము పోగును ఎడమచేత్తో, కొత్త భీము పోగును కుడిచేత్తో పట్టి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక్క మెలి తిప్పి ముడివేసి లాగుతున్నాడు జలపతి. సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచా అంటారు. నిలువు నూలు చుట్టిన పెద్ద కండె భీము; ఒకటి అయిపోతే కొత్తది ఎక్కించి, పోగుకు పోగు అతకాలి. ఆ పనికి వైపని అని పేరు. చుట్టూ పదకొండు సాంచాలు దడదడలాడుతుంటే, ఆగిపోయిన పన్నెండోదాని వెనక జలపతి ఒక్కడే చప్పుడు లేకుండా ఉంటాడు.

వైపని చేసేవాడి ముఖం ఎవరు చూస్తారు చెప్పండి? షెడ్డుకు వచ్చేపోయేవాళ్లకు తెలిసింది అతని వీపు, దుమ్ము పట్టిన బనీను, మెడ కింద పొడుచుకొచ్చిన ఎముక. ముప్పైరెండేళ్లకే గూని. వేళ్ల చివర్లు మాత్రం ఆడపిల్లల వేళ్లంత నునుపు. పదిహేనేళ్ల నూలు రాపిడికి గీతలు కూడా అరిగిపోయాయి. పాసుపోర్టు దరఖాస్తు మీద వేలిముద్ర వేయమంటే ఏం పడేదో గానీ, ఏడో తరగతి దాకా చదివాడు కనుక సంతకం చేశాడు.

ఆ వేళ్లు ఇవాళ వేసిన ముడి వేసినట్టే జారిపోతోంది. జారదా మరి! దోస్తు పోశాన్ని పోలీసులు పట్టుకుపోయి ఇవాళ్టికి నాలుగో రోజు. అతన్ని బయటికి తేగల మాట ఒక్కటే ఉంది. అది జలపతి నోట్లో ఉంది.

నిన్న మధ్యాహ్నం పోశం తల్లి లక్ష్మవ్వ వెతుక్కుంటూ షెడ్డుకే వచ్చింది. పెగడపల్లి దిక్కు నుంచి రెండు బస్సులు మారి వచ్చింది. చేతిలో సంచి కూడా లేదు.

"కొడుకా, నా పోశాన్ని ఠాణాల ఏసిండ్రు. అన్నలకు బువ్వ పెట్టిండట."

"ఎవలు చెప్పిండ్రవ్వా?"

"ఊరంత చెప్పె. అబద్ధమెట్లయితది? వండింది నేనే గదా. రెండేండ్ల సంది వారం వారం ఇద్దరికి వండి గట్టిన. అడివిల తిరిగే పిలగాండ్లు, మంచిగ తిననీయ్ అని కోడిగుడ్డు గూడ ఏసిన."

జలపతి తల ఎత్తలేదు. ఆ కోడిగుడ్డు తిన్నది నక్సలైట్లు కాదు, తనే.

"నువ్వు దోస్తువు. నాలుగచ్చరాలు సదువుకున్నవ్. నీ మాట ఇంటరు. గాడు గసొంటోడు కాదని జర జెప్పు కొడుకా."

"రేపొస్త అవ్వా. గీ భీము అతికి రేపొస్త."

భీమట! సాంచాలు నడిపించే సమ్మయ్య ఏమీ రాక్షసుడు కాదు, అడిగితే నిన్ననే పొమ్మనేవాడు. జలపతి అడగలేదు. భయం. పోలీసుల లాఠీకి కాదు ఆ భయం. ఆ మాట ఒక్కసారి బయటపడితే మళ్లీ నోట్లోకి రాదు కదా, అందుకు. రాత్రంతా ఆ మాటను అటు తిప్పీ ఇటు తిప్పీ పడుకున్నాడు, పొద్దున్నే వచ్చి మళ్లీ ముడులు వేస్తూ కూచున్నాడు. చివరికి పదిగంటల వేళ, ఇన్ని పోగులు మిగిలుండగానే లేచి చేతులు దులుపుకున్నాడు.

"సమ్మన్నా, పోయొస్త."

"ఏందిరా, నడుమల ఇడిసిపెట్టి?"

"పానం మంచిగ లేదే."

అది అబద్ధం కాదు.

బస్సు వేములవాడ దాటేసరికి ఎండ ముదిరింది. కిటికీ పక్కన కూచుని జలపతి చెప్పాల్సింది పెదవుల్లోనే కూడబలుక్కున్నాడు. వాళ్లిద్దరి మధ్య ఉన్నదానికి అతని దగ్గర మాట లేదు. విన్న మాటలన్నీ తిట్లే.

మూడేళ్ల కిందట కొండగట్టు మీద, నీళ్ల పంపు దగ్గర, ఒకే చెంబుకు ఇద్దరూ చేయి చాపారు. పోశం నవ్వాడు. పై పన్ను ఒకటి వంకర. అంతే, జలపతి బతుకు అక్కడ తిరిగింది. పోశం కాపలా ఉండేది గోపాల్ రావు దొర మామిడితోటకు. అన్నలు గోడమీద ఎర్రరంగుతో అతని పేరు రాసిన మర్నాడే దొర కోరుట్లకు మకాం మార్చాడు. తోటలో మోటరు కొట్టం ఒకటి మిగిలింది. సాంచాలు ఆపే సెలవునాడు వారానికొకసారి జలపతి అక్కడికి పోయేవాడు. పోశం తల్లి కట్టిన బువ్వ ఇద్దరూ తినేవాళ్లు. పొద్దుగూకితే చిన్న దీపం పెట్టుకునేవాళ్లు.

దీపం ఊరికి కనిపించింది. తోటలో ఎవరని పోశాన్ని నిలదీశారు. పోశం నోరు పెగల్లేదు. ఆ వారం భయపడుతూ వచ్చి చెబితే, జన్మలో ఒక్క తెలివైన ఆలోచన చేయని జలపతికి అప్పుడు తోచింది.

"అన్నలనుకోనియ్. అన్నలున్నరంటే ఎవ్వడు అటు మొకాన రాడు."

నిజంగానే ఎవడూ రాలేదు. దొర మనుషులు రాలేదు, పశువులు కాచేవాళ్లు రాలేదు. దొంగతనంగా కాయలు తెంపుకునేవాళ్లు కూడా మానుకున్నారు. రెండేళ్లు ఆ తోట వాళ్లిద్దరిదే. లక్ష్మవ్వ భయపడుతూనే, లోలోపల కొంచెం గర్వపడుతూ ఇద్దరికి బువ్వ వండింది. తన ఆలోచనకు జలపతి ఎంత మురిసిపోయాడో! ఇవాళ బస్సులో అది గుర్తొచ్చి కిటికీ ఊచకు నుదురు ఆనించాడు.

కొట్టంలో వాళ్లు ఎక్కువగా చేసిన పని ఏమిటనుకున్నారు? ఊళ్లు ఏరుకోవడం. మోటరుకు వీపు ఆనించి జలపతి కూచుంటే, అతని తొడమీద తలపెట్టి పోశం ఒక్కో ఊరూ ఎత్తేవాడు. భీవండి? వద్దు, సగం సిరిసిల్ల అక్కడే ఉంది. సూరత్? అదీ అంతే. షోలాపూర్‌లో జలపతి మేనమామ ఉన్నాడు. బొంబాయిలో మనవాళ్ల గల్లీలున్నాయి, తుమ్మితే ఇక్కడ వినపడుతుంది. ఇక దేశం దాటాల్సిందే. దుబాయ్, మస్కట్ నుంచి కోరుట్లకూ జగిత్యాలకూ సెలవుకొచ్చిన వాళ్లెవరు కనిపించినా ఇద్దరూ పనిగట్టుకుని పలకరించేవాళ్లు. జీతం ఎంతని అందరూ అడుగుతారు. వీళ్లు అడిగేది వేరే.

"గక్కడ పెండ్లెప్పుడని ఎవలన్న అడుగుతరా?"

సెంటుబట్టలవాళ్లు పగలబడి నవ్వేవాళ్లు. దుబాయ్‌లో గదికి పన్నెండు మంది, అందులో ఆరుగురు మన జిల్లావాళ్లే అని ఒకడు చెప్పాడు. దుబాయ్ కొట్టేశారు. మస్కట్‌లో మేస్త్రీ మన పక్కూరివాడని తేలింది. అదీ పోయింది. చివరికి బుగ్గారం దర్జీ మొగిలి, ముసలివాడు, పన్నెండేళ్లు బహ్రెయిన్‌లో బట్టలు కుట్టి వచ్చినవాడు, వాళ్లిద్దరి వంకా కొంచెంసేపు చూసి నవ్వకుండా చెప్పాడు.

"గక్కడ ఇద్దరు మొగోళ్లు ఒక అర్ర కిరాయికి తీసుకుని వండుకతింటరు బిడ్డా. అందరు గట్లనే ఉంటరు. ఎవ్వలు అడగరు. ఎవని నిద్ర ఆనిది."

ఆ వారం కొట్టంలో పోశం పడుకోలేదు. గది ఎటు మొగం ఉంటుంది, పొయ్యి ఏ మూల పెట్టాలి, ఇదే మాట. అక్కడి చట్టం ఏమంటుందో వాళ్లకు తెలియదు, తెలుసుకోవాలని తట్టలేదు కూడా. తమను మెచ్చుకునే ఊరుంటుందని వాళ్లెప్పుడూ అనుకోలేదు. అడగకపోతే చాలనుకున్నారు.

కోరుట్ల ఏజెంటు దగ్గర ఇద్దరూ పాసుపోర్టుకు దరఖాస్తు పెట్టారు. జలపతిది సాఫీగా పోయింది. పోశం సంగతి విచారించడానికి కానిస్టేబులు ఊళ్లోకి పోయి, "ఈ పోశం ఎసొంటోడు?" అని అడిగాడు. ఊరు తనకు తెలిసిందే చెప్పింది. మంచోడే సార్, అన్నలకు బువ్వ పెడతడు.

ఠాణా ఏ ఊరిదో ఇక్కడెందుకు లెండి. పెంకుల వసారా, ముందు ఇసుక బస్తాలు, ముళ్లకంచె. కంచె అవతల మట్టిలో లక్ష్మవ్వ కూచుని ఉంది. జలపతిని చూసి లేవబోయింది. చేత్తోనే కూచోమని సైగచేసి, చెప్పులు విడిచి లోపలికి పోయాడు.

లోపల హెడ్‌కానిస్టేబులు ఏదో రాసుకుంటున్నాడు. నెరిసిన మీసాల మనిషి, ఈ ప్రాంతంవాడే. మూలన ఒక పడుచు కానిస్టేబులు తుపాకీ తుడుస్తున్నాడు.

"సార్, గా తోటకు అన్నలు రాలే. అచ్చింది నేను."

హెడ్డు కలం ఆగింది. "నువ్వెవనివిరా?"

"జలపతి సార్. సిరిసిల్లల వైపని చేస్త."

"ఏ దళం?"

"దళం లేదు సార్. గా బువ్వ నేనే తిన్న. రెండేండ్లు నేనే తిన్న. పోశం ఎవ్వలకు పెట్టలే."

"సిరిసిల్ల నుంచి బువ్వ కోసం అచ్చినవారా? అక్కడ బువ్వ దొరకదా?"

మూలన కానిస్టేబులు కిసుక్కుమన్నాడు. జలపతి టేబులు అంచు పట్టుకున్నాడు. బస్సులో కూడబెట్టుకున్న మాటలు ఒక్కటీ మిగల్లేదు.

"ఆడు నా మనిషి సార్. మేం ఆలుమొగల లెక్క ఉన్నం. దేశం పోయి ఒక్కకాడ బతుకుదామని పాసుపోర్టు పెట్టుకున్నం. అన్నల మాట నేనే పుట్టించిన, ఎవ్వలు అటు రావద్దని. తప్పు నాది. నన్ను కొట్టుండ్రి, ఆన్ని ఇడిసిపెట్టుండ్రి."

పడుచువాడు బిగ్గరగా నవ్వాడు. ఒక బూతుమాట అన్నాడు, జలపతి ఎరిగినదే. హెడ్డు నవ్వలేదు. జలపతి ముఖంలోకి చాలాసేపు చూశాడు. పదిహేనేళ్లలో ఆ ముఖాన్ని అంతసేపు చూసిన పరాయి మనిషి లేడు. తర్వాత కలానికి మూత పెట్టాడు.

"గీ మాట అబద్ధం చెప్పెటోడు ఎవ్వడుండడు" అన్నాడు మెల్లగా. "నిన్న రాకపోతివేందిరా?"

"నిన్న... భీము ఉండె సార్."

"నిన్న పొద్దుగూకేదాక గా అర్రలనే ఉండె."

జలపతి అటు చూశాడు. గది తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల నేల కడిగి ఇంకా ఆరలేదు.

"ఇప్పుడేడున్నడు సార్?"

హెడ్డు కిటికీ వైపు తిరిగాడు. "తెల్లారక ముందే గుట్టల దిక్కు తోల్కపోయిండ్రు. పొద్దుగాల జగిత్యాల దవాఖానకు పంపిండ్రు. ఎస్సై గూడ ఆడికే పోయిండు. రేపు ఎన్‌కౌంటరని పేపర్ల అస్తది. ముసలామెకు ఇంకా ఎవ్వలం చెప్పలే. నాతోని కాలే. నువ్వు చెప్తవా?" అన్నాడు.

జలపతి బయటికి ఎట్లా వచ్చాడో అతనికే తెలియదు. లక్ష్మవ్వ పక్కన మట్టిలో కూలబడ్డాడు. చెప్పాల్సిన మాట బదులు వేరే మాట వచ్చింది.

"అవ్వా, రెండేండ్లు నువ్వు వండిన బువ్వ నేనే తిన్న. అన్నలు కాదు."

లక్ష్మవ్వ అతని వంక చూసింది. తోట, దీపం, వారం వారం కట్టిచ్చిన మూట ఆమె కళ్లలో ఒకదాని వెంట ఒకటి కదిలాయి. ఎంత తెలిసిందో, ఎంత తెలియలేదో. తిట్టలేదు. అతని చేయి పట్టుకుంది.

"గీ ముక్క లోపల చెప్పినవా?"

"చెప్పిన."

"అయితే ఇడుస్తరా ఇగ?"

జలపతి తల అడ్డంగా ఊపాడు. ఆమె పట్టుకున్న చేయి మెల్లగా వదిలేసింది. ఏడవలేదు. కొంగు నోట్లో కుక్కుకుని ముందుకూ వెనక్కూ ఊగింది, ఊగుతూనే ఉంది. ముందురోజు వచ్చి ఉంటే అనే మాట జలపతి నెత్తిమీద అప్పుడు కూచుంది. బతికినన్నాళ్లూ అది దిగలేదు.

కొంతసేపటికి పడుచు కానిస్టేబులు వసారాలోకి వచ్చి, కిటికీ గూట్లో ఒక గుడ్డసంచి బోర్లించాడు. ఇప్పుడు నవ్వడం లేదు. "నీ కొడుకు సామాను సూసుకో అవ్వా." ఇద్దరూ లేచి అక్కడికి పోయారు.

లుంగీ ఒకటి, తువ్వాల ఒకటి. వాటికింద ఒక కొత్త ఇత్తడి తాళం. లుంగీ, తువ్వాల ఆమె చంకన పెట్టుకుంది. తాళాన్ని అటూ ఇటూ తిప్పి చూసి మళ్లీ గూట్లోనే పెట్టింది.

"గిది మాది కాదు. మా గుడిసెకు తలుపే లేదు, తాళమెందుకు?"

జలపతి ఆ తాళాన్ని ఇంతకుముందెప్పుడూ చూడలేదు. అయినా చూడగానే తెలిసింది. బహ్రెయిన్‌లో గది ఇంకా లేదు, అక్కడికి టికెట్టు లేదు, పాసుపోర్టే రాలేదు. పోశం మాత్రం ఎక్కడో అంగట్లో, తనకు చెప్పకుండా, తాళం కొని పెట్టుకున్నాడు. నాది అవ్వా, మాది, అనాలి. ఇందాక పోలీసుల ముందు అంత మాట అన్న నోరు, ఈ ఒక్క మాట దగ్గర రాయి అయిపోయింది.

జగిత్యాల బస్సు వచ్చింది. లక్ష్మవ్వను రెక్కపట్టి ఎక్కించి, తనూ ఎక్కాడు.

కిటికీ గూట్లో ఇత్తడి తాళం ఎండకు మెరుస్తూ ఉండిపోయింది. దాని తాళంచెవులు రెండూ, అంగడివాడు కట్టిన ఎర్రదారంతో, ఇంకా కలిసే ఉన్నాయి.