కారితేనే కళ

అక్కని పెద్దింటికి ఇచ్చారు. నిజంగానే పెద్దిల్లు. లెక్కపెట్టడానికి బద్ధకమేసేన్ని గదులు, రెండు చేతులా వాటేసుకున్నా అందని స్తంభాలు, రంగుటద్దాల కిటికీలు. అక్క కాపురానికి వెళ్లేనాటికే సగం గదులకి తాళాలు, మిగతా సగానికి చెమ్మ. తాతలు తాగిన నేతుల వాసన ఇంకా తన మూతికే ఉందన్నట్టు తిరిగేవాడు బావ. వీధిలోవాళ్లు వెనకాల 'దొరగారు' అని నవ్వుకునేవాళ్లు.

చెల్లెలు ఫొటోగ్రాఫర్. పెళ్లిళ్లు తీసి తీసి విసుగొచ్చి, శిథిలమైపోతున్న పాత ఇళ్లని తియ్యడం మొదలుపెట్టింది. అక్క ఇల్లు కూడా తీస్తానంటే అక్క ఒప్పుకోలేదు.

"పైన పటారం లోన లొటారమని జనం అనుకునేది చాలదా? నువ్వు పటం కట్టి మరీ చూపించాలా?"

"అది కాదక్కా. నలుగురి కళ్లలో పడితే బాగుచేయించడానికి ఎవరో ఒకరు ముందుకొస్తారు."

ఆ మాట మనస్ఫూర్తిగానే అంది. వంటింటి కప్పు కారి కారి అక్క విసిగిపోయి ఉంది. సరేనంది.

చెల్లెలు పని మొదలుపెడితే ఒళ్లు తెలియదు. రంగుటద్దాల్లోంచి వచ్చే ఎండ పెచ్చులూడిన గోడ మీదికి పాకేదాకా కదలకుండా కూర్చుంది. దండెం మీది బట్టలు తీయించింది. కారే చోట పెట్టిన బకెట్లు తీయించింది. మధ్యలో అక్క చీపురు పట్టుకుని నడవాలోకి వస్తే, "కాస్త పక్కకి జరుగక్కా, ఫ్రేములో పడుతున్నావ్" అంది. అక్క జరిగింది.

ఆ ఫొటోల ప్రదర్శనకి జనం విరగబడ్డారు. తర్వాత ఆ ఇంటికీ వచ్చారు, బాగుచేయించడానికి మాత్రం కాదు. పెళ్లి కుదిరిన జంటలు ఆ గోడల ముందు ఫొటోలు దిగుతామని బావని బతిమాలుకున్నారు. ఊరికే కాదు, అద్దె ఇచ్చి. బావ మళ్లీ దొరగారైపోయాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని గేటు దగ్గర నిలబడేవాడు.

వంటింటి కప్పుకి అక్క మాట్లాడుకున్న తాపీమేస్త్రిని వీధిలోంచే వెనక్కి పంపేశాడు.

"ఇదేమిటండీ, పొయ్యి మీద నీళ్లు పడుతున్నాయి!" అంది అక్క.

"పిచ్చిదానా, కారితేనే కళ. సున్నం కొట్టిన ఇల్లు ఎవడు చూస్తాడు?"

అక్క ఊరుకోలేదు. బావ ఊళ్లో లేని రోజు చూసి, తనే సిమెంటు కలుపుకుని, బల్ల ఎక్కి, వంటింటి గోడ పగుళ్లు పూడ్చి సున్నం కొట్టింది. తెల్లటి గోడని చూసి చాలా కాలానికి కడుపునిండా తింది. బావ వచ్చి కూలీలని పిలిచి ఆ గోడ గీకించేశాడు. పాతదానిలా కనపడాలని తేయాకు నీళ్లు కూడా పోయించాడు.

ఆ వానల్లోనే వంటింటి కప్పు పెళ్ల ఊడి అక్క చేతి మీద పడింది. ఎముక విరిగింది.

కబురందగానే చెల్లెలు పరుగెత్తుకొచ్చింది. అక్క కట్టు కట్టిన చేత్తో పీట మీద కూర్చుని, రెండో చేత్తో గిన్నె తోముకుంటోంది. చెల్లెలు గిన్నె లాక్కుంది.

"నాతో వచ్చెయ్యక్కా. ఇవాళే. నా ఇంట్లో ఉండు."

"నీ ఇంట్లోనా?" అక్క నవ్వింది. "నీ ఇంట్లో గోడల నిండా ఈ ఇల్లే వేలాడుతోంది కదే. అక్కడ కూడా ఇదే చూస్తూ కూర్చోనా?"

"తీసేస్తాను. అన్నీ తీసేస్తాను."

"ఎందుకులే. బాగున్నాయట కదా. అందరూ అంటున్నారు. ఒక్కదాన్లో కూడా నేను లేను. చూసుకున్నావా?"

చెల్లెలు గిన్నెలన్నీ తోమి బోర్లించింది. బావని కడిగిపారేద్దామని బయటికొచ్చింది. వరండాలో ఎవరికో తాతల కాలం నాటి గుర్రబ్బండి కథ చెబుతూ ఆయన ఆమెని చూడనే లేదు. పరాయివాళ్ల ముందు గొడవెందుకని ఆమె గేటు వైపు నడిచింది.

గేటు దగ్గర ఒక పెళ్లికూతురు ఫోను చేతికిచ్చింది.

"అక్కా, ప్లీజ్, మా ఇద్దరికీ ఒక్క ఫొటో. ఆ పెచ్చులూడిన గోడ కూడా పడేలా."

చెల్లెలు తీసింది. ఒక్కటి చాలదంటే ఇంకోటి తీసింది.