కెమెరాకు అందని వాన

రెయిన్ అంతోని అంటే ఒకప్పుడు కృష్ణానగర్ నుంచి ఫిల్మ్‌నగర్ దాకా తెలియనివాళ్లు లేరు. హీరోయిన్ తడవాలన్నా, విలన్ బురదలో దొర్లాలన్నా, హీరోగారి తండ్రి శవయాత్రకు ఆకాశం కూడా ఏడవాలన్నా అంతోనికే కబురు వెళ్లేది. ఒక ట్యాంకరు, ఒక మోటారు, ఎత్తున కట్టిన పైపులు, వాటి కింద గొడుగు వేసుకుని అంతోని. వాన కురిపించేవాడు గొడుగు పట్టుకోవడమేమిటని ఎవరైనా నవ్వితే, "తడిసినందుకు డబ్బులు హీరోకండీ, నాకు తడిపినందుకే" అనేవాడు.

ఇప్పుడు వాన కంప్యూటర్లో పడుతోంది. ఏసీ గదిలో కూర్చున్నవాడు కాఫీ చప్పరిస్తూ తుఫాను తెప్పిస్తున్నాడు, కప్పు ఖాళీ అయ్యేలోగా వరద కూడా వచ్చేస్తోంది. కిందటి దసరా తర్వాత అంతోనిని పిలిచిన నాథుడు లేడు. అయినా ఆయన ఫోను మాత్రం ఎప్పుడూ నిండు ఛార్జింగుతో ఉండేది. స్నానానికి వెళ్లినా దాన్ని సబ్బుపెట్టె పక్కన పెట్టుకునేవాడు. ఒక్క పిలుపు, ఒకే ఒక్క వాన, అంతకుమించి ఆయన దేవుణ్ణి ఏమీ అడగడం లేదు.

రహమత్ నగర్‌లో భిక్షం ఇంటి రెండో అంతస్తులో కిరాయికి ఉండేవాళ్లు. భార్య హెలెన్ బంజారాహిల్స్‌లో ఒక ఆసుపత్రిలో నర్సు. ఇల్లు తన జీతం మీద నడుస్తోందన్న మాట హెలెన్ ఏనాడూ అనలేదు. అంటే బాగుండునని అంతోనికి ఉండేది, కనీసం గట్టిగా ఓ పోట్లాటయినా పెట్టుకోవచ్చు.

ఉండబట్టలేక ఒక రోజు సిఫారసు కోసం ఫిల్మ్‌నగర్‌లో శ్యామలాదేవి గారింటికి వెళ్లాడు. శ్యామలాదేవి గారు సినిమాల్లో అమ్మ. మూడు తరాల హీరోలకు గోరుముద్దలు తినిపించారు. వాళ్లలో ఇద్దరు ఆవిడకన్నా వయసులో పెద్దవాళ్లు. ఇప్పుడు నటన మానేశారు, ఇల్లు కూడా అమ్మేశారు. కొన్నవాళ్లు దాన్ని పడగొట్టి అంతస్తులు లేపబోతున్నారు. ఆవిడకు ఇంటి గురించి దిగులు లేదు. గేటు పక్కన తీగలా అల్లుకున్న మనోరంజితం గురించే.

మనసులో ఏ పండు తలచుకుంటే ఆ పండు వాసన వస్తుందంటారే, ఆ పువ్వు. ఆ గేటు దాటినవాడెవడూ ఆగి ఒక పువ్వు ముక్కుకానించుకోకుండా వెళ్లలేదు. అంతోని ఎప్పుడూ పనసపండే తలచుకునేవాడు. నిర్మాతలు ఏం తలచుకునేవారో ఎవరూ అడగలేదు.

"నర్సరీవాడు ఇది కొమ్మతో బతకదు, విత్తనం వేసుకోమన్నాడయ్యా" అన్నారు శ్యామలాదేవి. "విత్తనం మొలిచి, పెరిగి, పూసేసరికి నేను దండేసిన ఫోటోలో ఉంటాను. వాసన ఎవడు చూస్తాడు?"

అంతోని టీకప్పు కింద పెట్టాడు. "కొమ్మకు కావలసింది తడేనండీ. వేరొచ్చేదాకా ఆకు వాడిపోకుండా చూసుకుంటే మిగతాది అదే చూసుకుంటుంది. తడి సంగతి నాకొదిలేయండి, అమ్మా." ఈ పరిజ్ఞానంలో సగం ఎప్పుడో ఫోన్లో చూసిందీ, సగం అక్కడికక్కడే పుట్టిందీ.

ఆవిడ కాసేపు ఆయన్ని ఎగాదిగా చూశారు. "సరే. నాటుకున్నాయని చెప్పిన రోజున నేనొక ఫోను కొడతాను. నా సినిమా కొడుకొకడు ఇప్పుడు డైరెక్టరు. తెరమీద నన్నెంత ఏడిపించాడో వాడికి గుర్తే, నా మాట కాదనడు."

ఇంకేం కావాలి? అంతోని కొమ్మల మూటతో ఇంటికి ఎగిరి వచ్చినంత పని చేశాడు.

డాబా మీద పాత ఇనప మంచానికి ప్లాస్టిక్ పట్టా చుట్టాడు. పైన నీడకు టార్పాలిన్ కట్టాడు. పళ్లకొట్టు నుంచి తెచ్చిన థర్మోకోల్ పెట్టెల అడుగున చిల్లులు పొడిచి, ఇసుకా కొబ్బరిపొట్టూ కలిపి నింపాడు. కొమ్మల్ని కణుపు కింద ఏటవాలుగా కోసి, పెద్ద ఆకుల్ని సగానికి కత్తిరించి, వేరు మందు అద్ది గుచ్చాడు. ఇంతవరకు ఎవరూ వంక పెట్టడానికి లేదు. ఆ తర్వాత వాన కురిపించాడు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. సన్నటి చినుకు కెమెరాకు కనపడదు. అందుకే సినిమా వానలో చినుకు చిక్కుడుగింజంత ఉంటుంది, మామూలు మనిషి మీద పడితే కేసు పెట్టాలనిపిస్తుంది. అంతోనికి తెలిసిన వాన అదొక్కటే. మంచం మీద ఆ వాన పడేసరికి ఇసుక గుంటలు పడింది, కొమ్మలు పక్కకు ఒరిగాయి, ఆకులు దెబ్బలు తిన్నాయి. వారం తిరిగేసరికి సగానికి పైగా కాడలు నల్లబడ్డాయి.

హెలెన్ డ్యూటీ నుంచి వచ్చి, డాబా ఎక్కి, ఒక కొమ్మ పీకి వాసన చూసింది. "ఇది మనోరంజితమేనండీ, సందేహం లేదు. కుళ్లిన చేప తలచుకున్నాను, అదే వాసన వచ్చింది."

"వాన సరిపోలేదేమో" అన్నాడు అంతోని.

"ఎక్కువైంది. మొక్కలకు మీ వాన కనపడక్కర్లేదు, తగిలితే చాలు."

ఆ మాట అంతోనికి గుచ్చుకుంది. కానీ నిజం. ఫంక్షన్‌హాళ్లలో ఫ్యాన్లకు బిగించి పొగలా నీళ్లు చల్లే సన్న నాజిళ్లుంటాయే, అవి కొనుక్కొచ్చి, క్లోజప్ వానలకు వాడే చిన్న మోటారుకు తగిలించాడు. ఎప్పుడు చల్లాలో, ఎప్పుడు ఆపాలో తేల్చడానికి ఒక తూకం కట్టాడు. కర్రకు ఒక కొసన టీ జల్లెడ, రెండో కొసన నట్లూ బోల్టులూ. జల్లెడ తడిసి బరువెక్కితే కిందికి వంగి స్విచ్ ఆపేస్తుంది. ఎండకు ఆరితే పైకి లేచి మోటారు తిప్పుతుంది. ఆకు ఆరే వేళకే జల్లెడా ఆరుతుంది గనుక లెక్క సరిపోయింది. ఆ జల్లెడకు ఆయన డైరెక్టరని పేరు పెట్టాడు. ఇది అరవదు, టిఫినులో వంకలు పెట్టదు, తనకేం కావాలో దానికి తెలుసు. ఇన్నేళ్ల సర్వీసులో ఇలాంటి డైరెక్టరు ఆయనకు తగల్లేదు.

అంతా బాగానే ఉంది కానీ ఆ వాన కంటికి ఆనేది కాదు. పడుతోందో లేదో తెలిసేది కాదు. వెనక నుంచి లైటు కొడితే తప్ప వాన తెరమీద కనపడదన్నది అంతోని నరాల్లో జీర్ణించుకుపోయింది. ఒక ఆదివారం పొద్దున, అటకమీద నుంచి పాత షూటింగ్ లైటు దింపి, మంచం వెనక నిలబెట్టి వెలిగించాడు. మంచు తుంపరంతా వెండిలా మెరిసింది. ఆయన గుండె పొంగిపోయింది.

కింద నుంచి ఇంటి ఓనరు భిక్షం పైకి వచ్చాడు. "ఏంది అంతోని భయ్, మీద పెండ్లి గిట్ల ఉన్నదా? గీ లైటేంది, గీ మోటరేంది? మా స్లాబు నానితే ఎవ్వలు జిమ్మెదారి?"

"నానదన్నా. ఇది వాన కాదు, మంచు."

"మంచైతే మాత్రం, నీళ్లే గద."

"ఒక్కసారి వెనక లైటులో చూడన్నా."

భిక్షం చూశాడు. ఆయనకు కూడా నచ్చింది. "మంచిగనే ఉన్నది" అని, వచ్చిన పని మరిచి దిగిపోయాడు. అంతోని లైటు అలాగే వదిలేసి హెలెన్‌తో చర్చికి వెళ్లాడు. మోకాళ్ల మీద పడి కొమ్మల వేళ్ల కోసం ప్రార్థన చేశాడు. దేవుడు విన్నాడేమో కానీ, లైటు ఆపి రమ్మని మాత్రం చెప్పలేదు. తిరిగొచ్చేసరికి ఆకులన్నీ అప్పడాల్లా వేగిపోయి ఉన్నాయి, పట్టాకు పిడికిలంత కన్నం పడింది. మొక్కల్ని లైటు వేడికి కాల్చుకోవాలంటే మనిషి సినిమావాడై పుట్టాలి.

సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. శ్యామలాదేవి. "ఏమయ్యా, నాటుకున్నాయా?"

"బ్రహ్మాండంగా ఉన్నాయండీ" అన్నాడు అంతోని, చేతిలో వేగిన ఆకు పట్టుకుని. "ఇంకొన్ని కూడా వేద్దామని, రేపొచ్చి కోసుకుంటాను."

మర్నాడు వెళ్లి కోసుకొచ్చాడు. ఆ వారమే ఇంటిమీదికి యంత్రాలు వచ్చాయి. గోడతో పాటు గేటూ, గేటుతో పాటు మనోరంజితమూ పోయాయి. శ్యామలాదేవి మణికొండలో ఫ్లాటుకు మారిపోయారు. ఇక లోకంలో ఆ చెట్టన్నది రహమత్ నగర్‌లో ఒక ఇనప మంచం మీద మిగిలిన పుల్లలే.

ఈసారి అంతోని లైటు వెలిగించలేదు. మంచు పడుతోందని నమ్మి కూర్చోవడం నేర్చుకున్నాడు. అంత కష్టమైన పని తన జన్మలో చేయలేదని హెలెన్‌తో అన్నాడు. పుల్లలు పచ్చగానే ఉన్నాయి. వేళ్లు మాత్రం ఇంకా లేవు, ఒకటి మెల్లగా కదిపితే తేలిగ్గా ఊగింది.

మే నెల ఎండ డాబాను పెనంలా కాలుస్తున్న మధ్యాహ్నం ఫోను మోగింది. అవతల ప్రొడక్షన్ మేనేజరు రఘునందన్.

"అన్నా, శ్యామలమ్మ మా సార్‌కి ఫోన్ కొట్టిందంట, నీకు వాన పనియ్యమని. హీరోయిన్ క్లోజప్ ఉన్నది. సన్నటి వాన కావాలె, కంప్యూటర్ వద్దంటున్నడు సారు. చిన్న మోటరు తీస్కొని జూబ్లీహిల్స్ వచ్చెయ్. రెండు గంటల్ల షాట్ పడాలె."

అంతోని ఫోను చెవికి ఇంకా గట్టిగా అదుముకున్నాడు. తను చెప్పిన అబద్ధాన్ని నిజమనుకుని ఆవిడ మాట నిలబెట్టుకున్నారు. వస్తున్నానని చెప్పాడు. ఒక్క గంతులో మంచం దగ్గరికి వెళ్లి, ప్లగ్గు పీకి, నాజిళ్లు విప్పి, పైపు చుట్టేశాడు. హెలెన్ డ్యూటీలో ఉంది. భిక్షం బోరబండలో ఏదో ఫంక్షనుకు వెళ్లాడు. ఇంకో మోటారు అద్దెకు తెచ్చి బిగించేసరికి సాయంత్రమవుతుంది. పర్వాలేదు, కాసిని నీళ్లు చల్లి వెళ్దాం, ఏమీ కాదని తనకు తానే చెప్పుకున్నాడు. మోటారు భుజాన వేసుకుని మెట్ల దాకా వెళ్లాక గొడుగు గుర్తొచ్చి వెనక్కి వచ్చాడు.

అంతసేపటికే ముందు వరుసలో ఒక ఆకు అంచు వాలిపోయింది. చూస్తుండగానే పక్కది వాలింది.

అంతోని అక్కడే నిలబడ్డాడు. ఇంట్లో ఎవరూ లేరు కనుక గట్టిగానే తిట్టాడు. ఎండను తిట్టాడు, సినిమా డైరెక్టర్ని తిట్టాడు, శ్యామలాదేవి గారి మంచితనాన్ని తిట్టాడు, ఆ నర్సరీవాణ్ణి పేరు తెలియకపోయినా తిట్టాడు. తిడుతూనే మోటారు దింపి, నాజిళ్లు బిగించి, ప్లగ్గు పెట్టాడు. మోటారు తిరిగింది. కంటికేమీ కనపడలేదు కానీ చెయ్యి చాపితే చల్లగా తగిలింది.

"రఘునందన్, నేను రాలేనయ్యా."

"గదేందన్నా, గిప్పుడే గద వస్త అన్నవ్. వేరే షూటింగ్ ఉన్నదా?"

"ఉంది."

"గిట్ల జేస్తె మళ్ల ఎవ్వలు పిలవరన్నా."

"తెలుసయ్యా" అన్నాడు అంతోని.

సాయంత్రం హెలెన్‌కు విషయం చెప్పాడు. ఆవిడ ఎత్తిపొడుస్తుందేమోనని చూశాడు. హెలెన్ చెప్పులు కూడా విప్పకుండా డాబా ఎక్కి, పుల్లల్ని చాలాసేపు చూసి దిగింది. "ఆ ఒక్క ఫోను కోసం ఎంత కాచుకున్నారో నాకు తెలుసండీ" అంది. ఆ రాత్రి చేపల పులుసులో తలకాయ ఆయనకే వేసింది.

శ్యామలాదేవి చాలా రోజులు ఫోను ఎత్తలేదు, మొక్కల దగ్గర మోటారు తీయలేకపోయానని పెట్టిన మెసేజికీ జవాబివ్వలేదు. తొలకరి పడ్డాక ఒక ఉదయం చెప్పాపెట్టకుండా వచ్చారు. రెండంతస్తులూ మెట్టుకొక తిట్టు చొప్పున ఎక్కారు. "పిలిపించి పని ఇప్పిస్తే కాదంటావా? నా పరువు తీశావు గదయ్యా. అంత బ్రహ్మాండంగా ఉన్నాయంటివి, మోటారు తీస్తే వాటికేం ముంచుకొచ్చింది?"

"ఆ రోజు అబద్ధం చెప్పానండీ" అన్నాడు అంతోని. "అప్పటికి అన్నీ మాడిపోయి ఉన్నాయి. ఇవి తర్వాత తెచ్చినవి, మీ చెట్టుకు మిగిలినవి ఇవే. షూటింగుకు పిలుపొచ్చేనాటికి వీటికి వేళ్లు లేవు. వాన ఆపితే చచ్చిపోతాయని ఆగిపోయాను."

ఆవిడ తిట్లు ఆగాయి. మంచం దగ్గరికి వెళ్లి పట్టా ఎత్తి చూశారు. పుల్లల కొసల్లో గోరంత చిగుళ్లు లేచి ఉన్నాయి.

"పైకి లాగి చూడండమ్మా, మెల్లగా."

శ్యామలాదేవి ఒక కొమ్మను రెండు వేళ్లతో పట్టుకుని లాగారు. రాలేదు. ఇంకాస్త లాగారు. కొమ్మ లోపలి నుంచి గట్టిగా పట్టుకుని ఉంది. ఆవిడ గబుక్కున వదిలేసి, చెయ్యి చీరకు తుడుచుకున్నారు.

"ఆ షాట్ ఎవరు చేశారు?" అన్నారు చివరికి.

"ఎవరూ చేయలేదటండీ. కంప్యూటర్లో వేసుకున్నారట."

"మళ్లీ పిలిచారా?"

"లేదండీ."

ఆవిడ కొమ్మ మీదనుంచి చూపు తిప్పకుండానే అడిగారు. "ఆ రోజు ఏడ్చావా, అంతోనీ?"

"ఏడ్చానండీ."

"గ్లిజరిన్ లేకుండానా?"

"లేకుండానేనండీ" అన్నాడు అంతోని. "ఒక్క టేకే."