మరిగినా చావనిది

నేను ఒక ఇనప బాణలిని. నన్ను సాగగొట్టిన కమ్మరి సుత్తి మోతకి మూడూళ్ల అవతల కోళ్లు గుడ్లు పెట్టడం మానేశాయట. నమ్మకపోతే ఆ కోళ్లనే అడగండి. మొదట ఒక పెళ్లిళ్ల వంటవాడి దగ్గర పాతికేళ్లు బూరెలు వేయించాను. ఆయన చేతులు వణకడం మొదలయ్యాక, ఆడవాళ్లంతా కలిసి నడిపే కోవా కేంద్రానికి నన్నిచ్చేశాడు.

అక్కడ మంగాయమ్మ నా యజమానురాలు. పాలు ఆమె తిప్పితేనే కోవా. నాకేమో పొగరెక్కువ. నా వేడికి యముడైనా పంచె ఎగ్గట్టి పరుగెత్తాల్సిందే అనుకునేదాన్ని. మంగాయమ్మదీ అదే నమ్మకం.

పరీక్షలు చూసే హైమ అనే పిల్ల ప్రతి వాయి నుంచీ కాస్త కోవా సీసాలో పట్టి పట్నంలో ల్యాబుకి పంపేది. కాగితం వచ్చేదాకా సరుకు గడప దాటకూడదు. కానీ నా అడుగున అంటిన గోకుడు మాత్రం పొయ్యి దగ్గర నిలబడ్డవాళ్లదే. అది అక్కడి ఆచారం, దానికి ఏ కాగితమూ అక్కర్లేదు. మంగాయమ్మ దాన్ని ఆకులో చుట్టి మొగుడు పోలయ్యకి పట్టుకెళ్లేది. పళ్లూడిన ఆ ముసలాయనకి అదే పండగ.

ఒకసారి మంగాయమ్మ వేలు కొడవలికి తెగి చీము పట్టింది. పసుపద్ది గుడ్డ చుట్టుకుంది.

"పిన్నీ, పుండున్న చెయ్యి కోవాలో పెట్టకూడదని గోడ మీద రాశాను కదా!" అంది హైమ.

"నీ గోడ పిసుకుద్దేంటే కోవా? నువ్వెళ్లి సీసాలు కడుక్కో."

ఆ చేత్తోనే పిసికింది. ఆ రోజు కరెంటు పోయి ఫ్రిజ్ ఆగింది. కోవా తెల్లార్లూ ఉక్కలోనే ఉండిపోయింది. పొద్దున్నే హైమ పారబోయమంది.

"పాలమ్మ తల్లిని పారబోస్తామా? ఇంకోసారి మరగబెడితే అన్నీ చస్తాయి" అని మంగాయమ్మ దాన్ని నాలోనే వేసి, పాలు పోసి కుతకుతలాడించింది. నేనూ చెలరేగిపోయాను. హైమ చేసేది లేక సీసా నింపి పంపింది.

సరుకు ఆగింది. గోకుడు ఆగలేదు.

మధ్యాహ్నానికి పోలయ్యకి వాంతులు, విరేచనాలు. అసలే పుల్లలాంటి మనిషి. ఆసుపత్రికి చేర్చేసరికే ఒంట్లో నీరంతా పోయింది. సాయంత్రానికి ఆయనా పోయాడు.

కాగితం పోలయ్య దినం అయ్యాక వచ్చింది. హైమ చదివి చెప్పింది.

"క్రిములు చచ్చాయి పిన్నీ. అవి కక్కిన విషం చావలేదు. అది ఎంత మరిగినా చావదట."

మంగాయమ్మ ఏడవలేదు. మానిన తన వేలికేసి చాలాసేపు చూసింది. "ఈ చేత్తోనే పెట్టాను, మావా" అంది, ఎదురుగా ఆయన ఉన్నట్టే.

ఆ తర్వాత ఆమె గరిటె పట్టలేదు. గుమ్మం దగ్గర కూర్చుని, లోపలికి వెళ్లేవాళ్ల చేతులు తిప్పి తిప్పి చూస్తుంది. చిన్న గాటున్నా వెనక్కి పంపేస్తుంది. "గాటైతే ఏంటి, నా చేతి రుచి ఎవరికొస్తాది?" అన్న కోడలు వయసు పిల్లని ఒకర్తెని చెంప మీద కొట్టినంత పని చేసింది.

నన్ను పక్కనే కుళాయి కింద పెట్టారు. అందరూ చేతులు కడుక్కున్న నీళ్లు నాలో పడతాయి. యముణ్ణి తరిమేస్తానన్న నేను ఆ యముణ్ణే ఆకులో చుట్టి ఇంటికే పంపాను.

పొద్దుగూకాక మంగాయమ్మ నీళ్లు పారబోసి, నా అడుగున చేత్తో ఒకసారి గోకుతుంది. ఏమీ రాదు. అయినా ఆ చెయ్యి ఆకు కోసం పక్కకి తడుముతుంది.