పెట్టినోళ్ల పేరు

తెల్లారగానే లేచి, పొయ్యి మీద చాయ్ నీళ్లు పెట్టి, గిన్నెల అలమర తెరిచి అందులోంచి రివాల్వర్‌ను బయటికి తీయాలి. ఐదేళ్లుగా భూమవ్వ రోజు ఇట్లాగే మొదలవుతోంది. అది ఎందులో దూరి ఉంటుందో ముందుగా చెప్పలేం. ఒకరోజు గ్లాసుల వెనక నక్కుతుంది, ఒకరోజు పెద్ద గంజులో గరిటెల మధ్య పడుకుంటుంది. ఆ రోజు పాల సర్వలో పడుకుని, పైన మూత కూడా వేసుకుంది.

"నీ తోలు దీయ! మూతేసుకునుడు గూడ నేర్చినవా?" అని తిట్టి, తువ్వాలతో దాన్ని తుడిచి, చాయ్ గ్లాసుతో పాటు పళ్లెంలో పెట్టుకుని మజ్లిస్‌కు నడిచింది. ఇంటికి వచ్చిన మగవాళ్లు కూర్చునే ముందు గది అది. ఇంటి పెద్దాయన అబూ జాసిమ్ పడకా అక్కడే, సోఫా మీద. ఆయన చాయ్ ఒక చేత్తో, రివాల్వర్ ఒక చేత్తో అందుకుని, "షుక్రన్ భూమా" అన్నాడు.

దోహాలో ఆ ఇంటికి వంటమనిషిగా వచ్చినప్పుడు భూమవ్వ కోరుట్ల నుంచి తన స్టీలు గిన్నెలు లగేజీలో కట్టుకొచ్చింది. అంతకుముందు రివాల్వర్ గాజు పెట్టెలో బుద్ధిగానే ఉండేదట. గిన్నెలు వచ్చిన మర్నాటి నుంచి మొదలైంది ఈ తిరుగుడు. ఇంట్లో ఎవరూ దాని గురించి పెద్దగా అనుకోలేదు. స్టీలు కదా, స్టీలు దగ్గరికి పోయింది. తీసి మళ్లీ పెట్టెలో పెట్టేది మాత్రం భూమవ్వే. ఎవరి గిన్నెలైతే వాళ్లదే పని అన్నారు.

యాభై ఏళ్ల నాటి అమెరికా రివాల్వర్ అది. లైసెన్సు ఉంది, గుండ్లు లేవు. ఆ ఇంటికి వచ్చాక ఒక్కసారీ పేలలేదు. సాయంత్రం నమాజు అయ్యాక పెద్దాయన మోకాళ్ల మీద తెల్లగుడ్డ పరిచి దాన్ని ఒళ్లో పెట్టుకుంటాడు. ఒక్క చుక్క నూనె వేస్తాడు. ఆరు గదుల చక్రాన్ని వేలితో మెల్లగా తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని ఆ టిక్కు టిక్కు వింటాడు. కట్టె పిడి మీద ఆయన బొటనవేలు ఆనే చోటు నల్లగా నిగనిగలాడుతుంది.

"చూడు భూమా, ఈ సముద్రపు గాలికి కారు తలుపు తుప్పు పట్టింది. దీని మీద ఒక్క మచ్చ ఉందా?"

లేదు. స్టీలు సంగతి భూమవ్వకు ఒకరు చెప్పనక్కర్లేదు. వేలి కణుపుతో కొట్టి చూసింది, మందం గేజీ. పసుపు నీళ్లలో రాత్రంతా నానినా మరక పట్టలేదు. స్టీలు మంచిదే. దాని బుద్ధే మంచిది కాదు.

ఆ బుద్ధి వల్లే ఇప్పుడు భూమవ్వకు సెలవు లేదు.

కూతురు మాలతికి కానిస్టేబుల్ ఉద్యోగం వచ్చింది. తొమ్మిది నెలల ట్రైనింగ్ అయిపోయి, ఇరవై రెండో తారీఖున పరేడ్. అమ్మానాన్నలు వచ్చి చూడాలట. మాలతికి నాన్న లేడు.

"అందరి అమ్మలు అస్తున్నరే. నువ్వు ఆ దుబాయ్‌లనే కూసుంటవా?" అంది పిల్ల ఫోన్లో.

"దుబాయ్ కాదు బిడ్డా, ఖతర్ అని ఎన్నిసార్లు జెప్పాలె?"

"ఏదైతేంది? రావు గదా!"

భూమవ్వ పెద్దాయన కొడుకు జాసిమ్‌ను అడిగింది. అతను తల అడ్డంగా ఊపాడు. నిరుడు ఆమె జ్వరంతో రెండు రోజులు ఆస్పత్రిలో ఉంటే, గిన్నెలు తోమేవాళ్లు లేక, రివాల్వర్ గోడ దాటి పక్కింటివాళ్ల ప్రెషర్ కుక్కర్లో దూరింది. వాళ్లు దాన్ని పళ్లెంలో పెట్టి, పక్కన నాలుగు ఖర్జూరాలు పెట్టి, గుడ్డ కప్పి తిరిగిచ్చారు. మర్యాద తెలిసినవాళ్లు కాబట్టి సరిపోయింది.

"లైసెన్సు ఈ ఇంటి మీద ఉంది. ఇంకోసారి బయట దొరికితే పోలీసులు పట్టుకుపోతారు, నాన్నను కూడా పిలుస్తారు. రంజాన్ అయ్యాక చూద్దాం."

పరేడ్ రంజాన్ దాకా ఆగుతుందా? భూమవ్వ ఆ పూట గిన్నెలన్నీ దబదబా పడేసింది.

"గింత మొండిది ఎక్కడన్న ఉంటదా గౌసన్నా?" అంది. గౌస్ మొహియుద్దీన్ ఆ ఇంటి డ్రైవర్, బోధన్ మనిషి. "మా ఊర్లె ఒక్క పెండ్లికి నూరు ఇండ్ల గిన్నెలు పోతయి. ఒక్కటి తప్పిపోదు. పేరుంటది గాబట్టి యాడికి రావాల్నో ఆడికొస్తది. దీనికి పేరు లేకనే ఈ తిరుగుడు!"

"ఐతే పేరు ఏపిద్దాం. అల్ మన్సూరాల ఇక్రాముద్దీన్ ఉన్నడు, గిన్నెల దుకాణంల. నిర్మల్‌ల ఇరవై ఏండ్లు ఇదే పని జేసిండు."

భూమవ్వ పెద్దాయన దగ్గరికి వెళ్లి ఒక్కటే మాట అడిగింది. "బాబా, ఇది నీకు ఎవరిచ్చిన్రు?"

ఆయన చక్రం తిప్పడం ఆపాడు. "నూరా. పెళ్లయిన రెండో ఏడు. నేను డేగలతో వేటకని నెలల తరబడి ఎడారికి వెళ్లేవాణ్ని. భయమేస్తోంది, ఇది దగ్గర పెట్టుకో అంది."

శుక్రవారం ఇక్రాముద్దీన్ సంచిలో మిషన్ పెట్టుకుని వచ్చాడు. వంటింట్లో కూర్చుని రివాల్వర్‌ను అటూ ఇటూ తిప్పి చూసి, "గట్టి మాల్. ఎవల పేరు?" అన్నాడు.

"నూరా."

గౌస్ గాభరా పడ్డాడు. "అరే అక్కా! ఇంటాయన పేరు ఏస్తె గదా పెట్టెల ఉంటది?"

"గిన్నె మీద పెట్టినోళ్ల పేరే ఏస్తరు గౌసన్నా! నా పెండ్లికి మా మేనత్త పెట్టిన బిందె మీద నా పేరున్నదా? ఆమె పేరే ఉన్నది. నాకు నేర్పకు."

ఇక్రాముద్దీన్ తలూపాడు. మిషన్ గర్రుమంది. చక్రానికి కాస్త పైన, చుక్కలు చుక్కలుగా, తెలుగులో రెండక్షరాలు పడ్డాయి.

సాయంత్రం ఆ అక్షరాలు చూసి జాసిమ్ నెత్తి పట్టుకున్నాడు. "యాభై ఏళ్లలో ఒక్క గీత పడలేదు! దీని విలువేంటో తెలుసా? ఎవర్ని అడిగి గీశావు?"

"గీత గాదు సార్, పేరు."

"రేపు ఇది గోడ దాటిందా, నీకు సెలవూ లేదు, ఈ ఇంట్లో పనీ లేదు!"

పెద్దాయన దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. బొటనవేలితో ఆ చుక్కల మీద రాసి రాసి చూశాడు. "ఏం రాశారు?" అని అడిగాడు.

"నూరా అని, బాబా. మా అక్షరాల."

ఆయన దాన్ని తానే తీసుకెళ్లి గాజు పెట్టెలో పెట్టాడు. ఆ పూట అన్నం సగమే తిన్నాడు. తన నూకలు ఈ ఇంట్లో చెల్లిపోయాయనుకుంది భూమవ్వ.

తెల్లారి అలమర తెరిస్తే సర్వ ఖాళీ. గంజు ఖాళీ. గ్లాసుల వెనక లేదు. పరుగున మజ్లిస్‌కు వెళితే పెట్టె కూడా ఖాళీ. సోఫా మీద పెద్దాయనా లేడు. భూమవ్వ గౌస్‌ను లేపింది. గౌస్ నిద్రకళ్లతో పక్కింటికి పరుగెత్తి వాళ్ల కుక్కర్లు, బకెట్లు అన్నీ చూసొచ్చాడు. "లేదక్కా. ఆడ గూడ లేదు."

"గా ముసలాయనను గూడ ఎంటబెట్టుకొని పోయిందా ఏంది, దీని మొఖం మండ!"

జాసిమ్ లేచి వచ్చాడు. ముగ్గురూ ఇల్లంతా వెతికారు. నడవా చివర, నూరా పోయిననాటి నుంచి ఎవరూ పడుకోని గది తలుపు ఓరగా తెరిచి ఉంది.

పెద్ద మంచం మీద ఒక పక్కకు ఒత్తిగిలి పెద్దాయన గురక పెడుతున్నాడు. రెండో దిండు మీద రివాల్వర్, పేరు పైకి కనిపించేటట్టు, గొట్టం గోడ వైపు తిప్పుకుని పడుకుంది. ఆయన చెయ్యి దాని మీదే ఉంది.

అలవాటు కొద్దీ దాన్ని తీయబోయింది భూమవ్వ. జాసిమ్ ఆమె మోచెయ్యి పట్టుకుని వెనక్కి లాగాడు. తలుపు తానే దగ్గరగా వేశాడు.

"ఐదేండ్లు నా గిన్నెలన్ని ఆగమాగం జేసి..." అని భూమవ్వ మొదలుపెట్టింది.

"మెల్లగా," అన్నాడు జాసిమ్. "పదకొండేళ్ల తర్వాత నాన్న తన మంచం మీద పడుకున్నాడు."

తలుపు సందులోంచి గురక వినిపిస్తూనే ఉంది. తర్వాత అతను జేబులోంచి ఫోన్ తీశాడు.

"నీ కూతురి పరేడ్ ఎప్పుడన్నావు? పాస్‌పోర్ట్ తీసుకురా, టికెట్ చేస్తాను."

భూమవ్వ చెప్పులు విప్పి చేతిలో పట్టుకుని, చప్పుడు కాకుండా తన గదికి పరుగెత్తింది.