అడగకముందే వచ్చిన సరే

విశ్వవిద్యాలయం పెద్ద గ్రంథాలయంలో మెట్లు దిగి ఎడమకు తిరిగితే బట్వాడా గది వస్తుంది. వైద్యం, న్యాయం, వ్యవసాయం, సంగీతం అంటూ ఊరంతా చెదిరి ఉన్న చిన్న గ్రంథాలయాలకు పుస్తకాలూ ఉత్తరాలూ ఈ గదిలోంచే వెళతాయి, ఈ గదికే తిరిగొస్తాయి. గోడ నిండా చెక్క అరలు, మధ్యలో పొడవాటి బల్ల, బల్ల చివర పిల్లి తలకాయంత సుతిలి తాడు ఉండ. పొద్దున్నే వ్యాను డ్రైవరు కాన్వాసు సంచులు తెచ్చి బల్లమీద పడేస్తాడు. వాటి మూతులు విప్పి, గుమ్మరించి, ఏది ఏ అరలోకి పోవాలో చూసి సర్దేవాణ్ణి అందరూ సంచులాయన అంటారు.

సంచులాయనకు ఏ సంచి ఎక్కణ్ణించి వచ్చిందో చీటీ చూడకుండానే తెలుస్తుంది. వ్యవసాయం వాళ్ళ సంచి దులిపితే మట్టి రాలుతుంది. వైద్యం వాళ్ళది మందుల వాసన కొడుతుంది. న్యాయం వాళ్ళది ఎత్తితే నడుం పట్టేస్తుంది. సంగీతం వాళ్ళ సంచి మాత్రం ఒకరోజు ముందుగా వస్తుంది.

అంటే, ఇవాళ విప్పిన సంచిలో రేపటి తారీఖు వేసిన చీటీలుంటాయి. 'మీరు నిన్న పంపిన స్వరాల పుస్తకం అందింది' అని రసీదు ఉంటుంది. సంచులాయన ఇంకా పంపి ఉండడు. ఆ రసీదు చూసుకుని పైఅంతస్తుకు వెళ్ళి, ఆ పుస్తకం వెతికి తెచ్చి, మూలలు నలగకుండా అట్టముక్కలు పెట్టి కట్టి, సాయంత్రం వ్యానుకి పంపిస్తాడు. మర్నాడు పొద్దున్నే అక్కడి గ్రంథాలయం చూసుకునే ఆవిడ సంచి విప్పి రసీదు రాస్తుంది. ముందునించీ అంతే. ఒక్కసారి మాత్రం ఎంత వెతికినా పుస్తకం దొరకలేదు, పంపలేదు. తెల్లారేసరికి ఆ రసీదు మీద అక్షరాలన్నీ పోయి తెల్లకాగితం మిగిలింది. దాని వెనక ఎవరో లెక్కలు వేసుకున్నారు. సంగతి అక్కడితో ఆగింది.

సంగీత గ్రంథాలయంలో ఫోను మోగకూడదని నియమం. పక్క హాల్లో ఎప్పుడూ ఎవరో ఒకరు సాధన చేస్తూనే ఉంటారు. అందుకని ఆవిడ ఏం చెప్పాలన్నా చీటీ రాసి సంచిలో వేస్తుంది. మొదట్లో అవి తిట్లే. 'పుస్తకం వెన్ను విరిగింది. పంపేది పుస్తకాలనుకుంటున్నారా, ఇటుకలనుకుంటున్నారా?' అని రాసింది. సంచులాయన ఆ రోజునించి సంగీతం పుస్తకాలకు పాత పరదా గుడ్డ చుట్టి పంపాడు. 'పరదా బాగుంది, కిటికీకి కట్టాను' అని జవాబొచ్చింది. అలా మొదలై ఏళ్ళు గడిచాయి. వాన పడితే వాన గురించి, మోకాళ్ళు నొప్పి పుడితే మోకాళ్ళ గురించి, మధ్యలో పుస్తకాల గురించి రాసుకున్నారు. నెలకోసారి ఆవిడ మీటింగుకని పెద్ద గ్రంథాలయానికి వస్తుంది. ఆ రోజు సంచులాయన ఇస్త్రీ చొక్కా వేసుకొస్తాడు, ఆవిడ మెట్లు దిగి వస్తే మాత్రం అరల వెనక ఏదో వెతుకుతున్నట్టు నిలబడతాడు.

నలభై దాటిన మనిషి. అక్కాబావల ఇంట్లో వెనక గదిలో ఉంటాడు. సంబంధాలు చూసి చూసి అక్క విసిగి మానేసింది. అతనికీ అదే హాయిగా ఉన్నట్టుండేది.

ఒక మంగళవారం పొద్దున సంగీతం సంచి విప్పితే అట్టడుగున ఒక మడత చీటీ కనిపించింది. రేపటి తారీఖు. ఆవిడ గుండ్రటి అక్షరాలు.

'మీరు అడిగినదానికి సరే. ఆదివారం ఇంటికి రండి.'

సంచులాయన బల్లకు ఆనుకుని నిలబడిపోయాడు.

"ఏమైంది తమ్ముడూ?" అన్నాడు డ్రైవరు.

"నేనేం అడిగాను?"

డ్రైవరు చీటీ లాక్కుని చదివాడు. వాడి మీసం కింద నవ్వు పాకింది. "ఏం అడగబోతున్నావు అను."

"ఏమీ అడగబోవడం లేదు! ఖాళీ సంచులు వెనక్కి పంపమని అడుగుదామనుకున్నా, అంతే."

"ఖాళీ సంచులకి ఆదివారం ఇంటికి రమ్మంటారా?"

మూల బల్ల దగ్గర కూర్చున్న హెడ్ మేడమ్ కళ్ళజోడు పైకి తోసుకుంది. ఆవిడకు ఏ కాగితమైనా ఒకటే. "ఏంటయ్యా గొడవ?"

డ్రైవరు చీటీ తీసుకెళ్ళి చూపించాడు. ఆవిడ రెండుసార్లు చదివి తిరిగిచ్చేసింది. "రసీదు వచ్చాక సరుకు పంపకపోతే ఎలా? సాయంత్రం వ్యానులో వెళ్ళిపోవాలి," అని మళ్ళీ పనిలో పడింది.

ఆ పూట సంచులాయన న్యాయం పుస్తకాలు వైద్యం అరలో పెట్టాడు. వైద్యం వాళ్ళ ఉత్తరాలమీద వ్యవసాయం ముద్ర కొట్టాడు. భోజనాల వేళ డబ్బా విప్పి మూత పెట్టేశాడు. కాగితం ముందు కూర్చుని 'సంగీతం మేడమ్ గారికి' అని రాసి కొట్టేశాడు. మళ్ళీ రాసి మళ్ళీ కొట్టేశాడు.

"ఇంకెందుకు భయం? పరీక్ష రాయకముందే పాసయ్యావు," అన్నాడు డ్రైవరు, పక్కన చతికిలబడి.

"అదే అన్నా, మనసొప్పడం లేదు."

"ఏం ఒప్పడం లేదు?"

"ఆవిడ ఇంకా ఏమీ రాయలేదు. రేపు రాస్తుంది. రేపు ఆవిడకి ఏం రాయబుద్ధవుతుందో ఇవాళే నా జేబులో పెట్టుకుని అడిగితే, అది అడిగినట్టా? కాళ్ళు కట్టేసి రమ్మన్నట్టు ఉంటుంది." గొంతు తగ్గించాడు. "అడక్కపోతే తెల్లారేసరికి చీటీ తెల్లబడిపోతుంది. అది తలుచుకుంటే ముద్ద దిగడం లేదు."

డ్రైవరు తల గోక్కున్నాడు. వాడు పెళ్ళయి మనవల్ని ఎత్తినవాడు, ఇలాంటి చిక్కు ఎప్పుడూ పడలేదు. చివరికి, "అయితే సంచిలో వేయకు. నువ్వే ఎక్కు. ముందు సీటు ఖాళీగానే ఉందిగా," అన్నాడు.

హెడ్ మేడమ్ తలెత్తకుండానే, "సాయంత్రం నాలుగు సంచులూ ఒక మనిషీ అని రాసుకుంటున్నాను," అంది.

ఎండ తగ్గాక వ్యాను బయల్దేరింది. వైద్యం, న్యాయం, వ్యవసాయం సంచులు దింపి, ఆటస్థలం చుట్టి, చివర్న సంగీత గ్రంథాలయం ముందు ఆగింది. సంచులాయన సంగీతం సంచి భుజానేసుకుని దిగాడు. ఇన్నేళ్ళలో ఆ గుమ్మం తొక్కడం అదే మొదలు. లోపల పొడవాటి కిటికీ, దానికి తను పంపిన పరదా ముక్కలు కలిపి కుట్టిన తెర. ఆవిడ బీరువాలకు తాళాలు వేస్తోంది. పక్క హాల్లోంచి ఎవరో ఒకే ముక్కను పదేపదే వాయిస్తున్న వయొలిన్ వినిపిస్తోంది.

"మీరా!" అంది. "డ్రైవరుగారికి ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉన్నారండీ. బయట ఉన్నారు." సంచి బల్లమీద పెట్టాడు. సంచి దించాక చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. "మిమ్మల్ని ఒకటి అడగడానికి వచ్చాను. రాసి పంపొచ్చు కానీ... రేపు మీరు రాసే జవాబు ఇవాళ నాకు వచ్చేసింది."

ఆవిడ తాళాలగుత్తి బల్లమీద పెట్టింది. తన సంచి సంగతి ఆవిడకు తెలియనిది కాదు. "ఏం రాశాను?"

"చూపించనా?" అని జేబులో చెయ్యి పెట్టాడు.

ఆవిడ ఒక్క క్షణం ఆ జేబు వైపు చూసింది. "వద్దు," అంది. "ముందు అడగండి."

వయొలిన్ ఆగింది. అది మళ్ళీ మొదలయ్యేసరికి సంచులాయన జేబులోంచి చెయ్యి తీశాడు.

"మీకు ఇష్టమైతే మనం పెళ్ళి చేసుకుందామా అని అడుగుదామనుకున్నాను. అదేనండీ. నాకు సొంత ఇల్లు లేదు. మాటలు కూడా ఎక్కువ రావు, చీటీల్లోనే కాస్త నయం. జేబులో ఉన్నదాన్ని మీరు పట్టించుకోకండి. రేపు మీకు ఏది తోస్తే అదే రాయండి. అది తెల్లబడితే తెల్లబడనివ్వండి, నేనేమీ అనుకోను. పుస్తకాలు ఎప్పట్లాగే పంపిస్తాను."

ఇంత పెద్ద మాట అతను జన్మలో ఎవరితోనూ మాట్లాడలేదు. ఆవిడ ఒకసారి పరదా వైపు చూసింది. తర్వాత సంచి మూతి ముడి సరిచేస్తూ అంది, "రేపటిదాకా ఆలోచించుకుంటాను. మీరు చీకటి పడకముందే వెళ్ళండి."

తిరుగుదారిలో డ్రైవరు అడిగాడు. "ఏమంది?"

"ఆలోచించుకుంటానంది."

"మరి చీటీ?"

"అది ఆవిడ చూడలేదు."

డ్రైవరు నాలుక చప్పరించి గేరు మార్చాడు.

ఇంట్లో ఆ రాత్రి సంచులాయన చీటీ విప్పలేదు. చొక్కా వంకీకి తగిలించి దానివైపు వీపు పెట్టి పడుకున్నాడు. పొద్దున గదికి వచ్చి, తాళం తీసి, లైటు వేసి, కూర్చుని, అప్పుడు మడత విప్పాడు. డ్రైవరు భుజం మీంచి తొంగిచూశాడు. హెడ్ మేడమ్ కూడా కుర్చీలోంచి లేచింది.

అక్షరాలు ఉన్నాయి. కానీ నిన్నటివి కావు. గుండ్రటి చేతిరాతే, కాస్త ఒత్తి రాసినట్టుంది.

'మీరు వచ్చి అడిగినందుకు సంతోషం. ఆదివారం ఇంటికి రండి. రెండు సంగతులు మాట్లాడాలి. అవి తేలితే సరే.'

"నిన్నటిదే నయం," అన్నాడు డ్రైవరు. "రెండు సంగతులట! పోయి పోయి చిక్కులో పడ్డావు."

సంచులాయన మాత్రం చీటీని మళ్ళీ మళ్ళీ చదువుకుంటున్నాడు. ముఖం వెలిగిపోతోంది. "ఇది ఆవిడే రాసిందన్నా," అన్నాడు.

ఆదివారం అతను ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాడు. అక్క గుమ్మందాకా వచ్చి కాలరు సర్ది, ఏమీ అడక్కుండా ముక్కు తుడుచుకుంటూ లోపలికి పోయింది. ఆవిడది మేడమీద రెండు గదుల వాటా. తలుపు తీసింది ఆవిడ తల్లి. "సంచులాయన అంటే నువ్వేనా బాబూ? ఇంకా లావుగా ఉంటావనుకున్నా," అని కుర్చీ చూపించి వంటింట్లోకి వెళ్ళింది.

ఆవిడ ఎదురుగా కూర్చుంది. "మొదటిది. అమ్మ నాతోనే ఉంటుంది."

"ఉండాలి కదండీ."

"రెండోది. మీకు నా సంచి ముందే వస్తుంది. ఎన్నేళ్ళయినా వస్తుంది. కానీ ఇంట్లో నేనేమంటానో మీకు ముందే తెలుసన్నట్టు ఉండకూడదు. అడగాలి. రోజూ అడగాలి, తెలిసినా అడగాలి."

సంచులాయన ఆలోచించాడు. "అడగడం నాకు ఇప్పుడిప్పుడే వస్తోందండీ," అన్నాడు. "మరి మీరూ నన్ను అడుగుతారా?"

ఆవిడ దానికి సిద్ధంగా లేదు. నవ్వేసింది. "సరే," అంది.

పెళ్ళి ఎండలు ముదరకముందే జరిగిపోయింది. అది వేరే సంగతి. ఆ ఆదివారం మాత్రం వంటింట్లోంచి తల్లి కేకేసింది.

"ఆయనకి టీలో చక్కెర ఎంతమ్మా?"

ఆవిడ అతని వైపు తిరిగింది. "ఎంత?"

అక్క ఇంట్లో ఇచ్చింది ఇచ్చినట్టు తాగేసేవాడు. తనకు ఎంత కావాలో ఎవరూ అడిగిన గుర్తు లేదు, తనూ అనుకున్న గుర్తు లేదు. కుర్చీలో కాస్త ముందుకు జరిగాడు.

"కొంచెం ఎక్కువే వేయమనండి," అన్నాడు.