పట్టీ మీది రెండక్షరాలు

మనవరాలిని చూడటానికి చైనాలోని షెన్యాంగ్ నుంచి జపాన్‌లోని తకమత్సు వచ్చిన షూచిన్‌కి జపనీస్ ముక్క రాదు. ఆమె వియ్యపురాలు మసుయెకి చైనీస్ రాదు. అయినా ఇద్దరికీ బాగానే గడిచిపోతోంది. రెండు దేశాల అక్షరాలూ చాలావరకు ఒకటే కనుక, చెప్పాలనుకున్నది బల్ల మీద తడివేలితో రాసుకునేవారు. ఒకరు ‘చేప’ అని రాస్తే, మరొకరు ‘ఉప్పు’ అని రాసేవారు. వంట అయిపోయేది.

ఆ శనివారం షూచిన్ లేచేసరికి గోడకు చిన్న తెల్లగౌను వేలాడుతోంది. నాలుగేళ్ల మనవరాలు కొహారు ఆ రోజు నర్సరీ స్కూల్లో నాటకం వేస్తోంది. ఆ గౌను కోసం మసుయె ఎన్నాళ్లుగానో మిషను దగ్గర నుంచి లేవలేదు. రెక్కలు పెట్టింది, తళుకులు పెట్టింది. ఛాతీకి అడ్డంగా వేసే పట్టీ మీద ఎర్రదారంతో రెండక్షరాలు కుట్టింది.

షూచిన్ వాటిని చదివి గోడ పట్టుకుంది. చైనీస్‌లో ఆ మాటకి మగాళ్లను వలలో వేసుకునే ఆడపిశాచి అని అర్థం. తన జీవితంలో ఆమె ఆ మాట అన్నది ఒక్కరినే, పదేపదే తన మొగుడి చేత సైకిల్ బాగుచేయించుకున్న ఎదురింటి ఫాంగ్‌ని.

కత్తెర తెచ్చి కుట్టు విప్పసాగింది. ఒక అక్షరం ఊడిపోయేసరికి మసుయె టీతో వచ్చింది.

“వదినగారూ, అదేం పని? నా నడుం విరిగింది అది కుట్టేసరికి.”

“పసిపిల్లకి ఇలాంటి పేరు తగిలించి నలుగురిలోకి పంపుతారా? ఇంత వయసొచ్చింది, బుద్ధి ఉండక్కర్లా?”

ఒకరి మాట ఒకరికి తెలియలేదు గాని, తిట్టుకుంటున్న సంగతి మాత్రం ఇద్దరికీ తెలిసింది. షూచిన్ కూతురు యాన్ తడిజుట్టుతో పరుగెత్తుకొచ్చింది.

“ఆగమ్మా. ఇక్కడ దానికి పువ్వుల మీద ఎగిరే బుల్లి దేవకన్య అని అర్థం.”

“అక్షరాలు మనవేగా?”

“మనవే. ఇక్కడికొచ్చి బుద్ధి మార్చుకున్నాయి.”

యాన్ అత్తగారికీ విషయం విడమరిచి చెప్పింది. మసుయె ముందు నోరు నొక్కుకుంది, తర్వాత పొట్ట పట్టుకుని నవ్వింది. విప్పినవాళ్లే కుట్టాలని సూది తెచ్చి షూచిన్ చేతిలో పెట్టింది. ఇదంతా కొహారు బల్ల కింద కూర్చుని వింటోంది.

“అమ్మా, అమ్మమ్మ వాళ్ల ఊళ్లో అయితే నేను పిశాచినా?”

“అవునే, జుట్టు దువ్వించుకో,” అంది యాన్.

నాటకంలో దేవకన్య వచ్చి నిద్రపోతున్న పువ్వును కర్రతో తాకి లేపాలి. కొహారు కర్ర పారేసి, పది గోళ్లూ చాపి గాండ్రించింది. పువ్వు వేషం వేసిన కుర్రాడు లేచి, రేకులతో సహా వెళ్లి వాళ్లమ్మ ఒళ్లో పడ్డాడు. హాల్లో మొదట పకపకా నవ్వింది షూచినే. మసుయె ఆమెను చెయ్యి పట్టి లాక్కెళ్లింది. వియ్యపురాళ్లిద్దరూ నవ్వు బిగబట్టి, పువ్వు తల్లి ముందు నడుం దాకా వంగి క్షమాపణ చెప్పుకున్నారు.

టీచరుకు మాత్రం ఆ గాండ్రింపు తెగ నచ్చింది. ఫిబ్రవరిలో రాక్షసుణ్ణి తరమడానికి గింజలు విసిరే పండుగకు కొమ్ముల రాక్షసుడి వేషం కొహారుకే ఇస్తానంది. షూచిన్‌కు కూడా తెలియాలని ఆ రాక్షసుడి పేరు, ఒకే ఒక్క అక్షరం, బోర్డు మీద పెద్దగా రాసింది.

అది చదివిన షూచిన్ నవ్వు ఆగిపోయింది.

“ఏమే యాన్, బతికున్న పిల్లకి చచ్చినవాళ్ల దయ్యం వేషమేమిటే?”

యాన్ పిల్లల కుర్చీ ఒకటి లాగి, తల్లిని అందులో కూర్చోబెట్టింది.