పున్నమి మర్నాటి గాలిపటం

నేను ఒక చరఖాను. నూలు వడికే చరఖా అనుకుని చేతులు జోడించకండి. గాలిపటం దారం చుట్టుకునే చరఖాను. నాలుగు పలకల ఒళ్ళు, మధ్యలోంచి దూసుకుపోయే ఒక పిడి. అంతే నా సొగసు. గాలిపటం ఎగరేసేవాళ్ళూ చూసేవాళ్ళూ అందరూ ఆకాశం వైపే మొహాలెత్తుతారు కాబట్టి నన్ను చూసిన మనుషులు తక్కువ. ఈ మాట కడుపుమంటతోనే అంటున్నాను. దాచుకోవడం నాకు రాదు.

నాది కొరియా దేశం. రాజులు పాలించే కాలంలో, రాజధాని కోటగోడ బయట, కొండవాలులో ఉన్న ఒక గడ్డికప్పు ఇంట్లో పుట్టాను. ఆ ఇంటాయన గుర్రపు వెంట్రుకలతో పెద్దమనుషులకు టోపీలు అల్లేవాడు. గాలివానకి పెరట్లో రేగుచెట్టు పడిపోతే దాని కొమ్మ చెక్కి నన్ను చేశాడు. ఆ చలికాలమే ఆయన పెద్దకొడుకు మన్సు జ్వరంతో చావుదాకా వెళ్ళి తిరిగొచ్చాడు. వచ్చాడు గాని, ఛాతీలో పిల్లికూతలు మాత్రం వాడితోనే ఉండిపోయాయి.

"ఇది మన్సుది," అని నన్ను వాడి ఒళ్ళో పెట్టాడు తండ్రి.

చిన్నవాడు తోల్సే గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "మరి నాకు, నాన్నా?"

"నిన్నేమైనా ఆడుకోవద్దన్నానా?"

ఆడుకోమన్నాడు గాని నీదని అనలేదు. ఆ తేడా పిల్లవాడికి తెలిసింది.

మన్సు చలిలో బయటికి రాకూడదు. అక్కడి ఇళ్ళలో గచ్చు కింద పొగ పారించి గది వెచ్చచేస్తారు. దూది కోటు తొడుక్కుని ఆ వెచ్చటి గచ్చు మీద కూర్చోవడమే వాడి పని. పరుగులన్నీ తోల్సేవి. పగిలిన పింగాణీ గిన్నెలు నూరి, జిగురులో కలిపి, నా దారానికి పట్టించింది తోల్సే. వాగు ఒడ్డున పందేల్లో ఎదుటివాడి దారం తెగేదాకా నన్ను తిప్పిందీ వాడే. పటం గెలిచాక జనం, "ఎవరిదిరా అది?" అని అడిగేవారు. "మన్సుది," అనేవారు వాడకట్టు పిల్లలు. అప్పుడు తోల్సే అరచెయ్యి నా పిడిని నలిపేసేది.

వాడి బాధ నాకు కొత్త కాదు. వదిలేది నేను, లాగేది నేను. మెప్పంతా ఆ కాగితానికి. మా దేశపు గాలిపటానికి నడుమ గుండ్రంగా ఓ చిల్లు ఉంటుంది, గాలి పోవడానికి. బొజ్జలో చిల్లున్న కాగితాన్ని ఊరంతా నోరు తెరుచుకుని చూస్తుంటే, చిల్లూ చీలికా లేని నేను కింద చెమట చేతుల్లో గిరగిరా తిరిగేదాన్ని.

కొత్త ఏడాది మొదటి పున్నమికి అక్కడో ఆచారం ఉంది. బిడ్డ పేరు, పుట్టిన ఘడియ గాలిపటం మీద రాసి ఎగరేస్తారు. దారానికి మాచిపత్రి వత్తి కట్టి నిప్పంటిస్తారు. పటం పైకెళ్ళాక వత్తి కాలి దారం తెగుతుంది. పటంతోపాటు ఆ ఏటి కీడంతా కొండలు దాటిపోతుందని నమ్మకం. ఆ రోజు దాటాక మళ్ళీ చలికాలం దాకా ఎవరూ పటం ముట్టరు. ముడితే నగుబాటు.

ఆ ఏడు మన్సుకి దగ్గు ఎక్కువైంది. ఇంట్లో తలుపులకి అంటించగా మిగిలిన కాగితం ఒక్కటే ఉంది. తల్లి దాన్ని పటం చేసి, కుంచెతో మన్సు పేరు రాసింది. ఎంత జాగ్రత్తగా రాసిందంటే, తల్లి అలా ఒంగి చూడటం కోసం జబ్బు పడొచ్చనిపించింది నాకే.

"అమ్మా, నా పేరు?" అన్నాడు తోల్సే.

"నీకేంరా, గుండ్రాయిలా ఉన్నావు. నీ దగ్గర పోవడానికి ఏముంది? వెళ్ళి అన్నయ్య కీడు పంపించి రా. జాగ్రత్త, వాడి ప్రాణం నీ చేతుల్లో పెడుతున్నా."

పొద్దు వాలుతుండగా తోల్సే నన్నూ పటాన్నీ పట్టుకుని కొండెక్కాడు. మట్టిపిడతలో నిప్పు తెచ్చాడు. వత్తి కట్టాడు. అంటించాడు. పటం లేచింది. నా దారం జరజరా పోతోంది. చుట్టూ ఒకటొకటిగా పటాలు తెగి పోతున్నాయి, పిల్లలు కేరింతలు కొడుతున్నారు. తోల్సే ఉన్నట్టుండి దారం లాగడం మొదలుపెట్టాడు. వత్తి చేతికందగానే వేళ్ళు తడిచేసుకుని నలిపేశాడు.

"అన్నీ నీకేనా?" అన్నాడు పటంతో. పటాన్ని దించి, మడిచి, చొక్కాలో దోపుకున్నాడు.

నిజం చెప్పొద్దూ, నాకు హాయిగా అనిపించింది. మొదటిసారి ఒక పున్నమి పటం వెళ్ళకుండా వెనక్కొచ్చింది.

ఇంటి దగ్గర తల్లి వాకిట్లోనే నిలబడి ఉంది. "పోయిందా?"

"పోయింది."

"నా బంగారుకొండ!" అని వాడి బుగ్గలు పుణికి, పండగనాడు పళ్ళతో కొరికి పగలగొట్టే అక్రోటుకాయల్లో అన్నిటికన్నా పెద్దది తీసి వాడి చేతిలో పెట్టింది. అది ఎప్పుడూ మన్సుకి వెళ్ళే కాయ. తోల్సే దాన్ని కొరకలేదు. గుప్పిట్లోనే పట్టుకుని అన్న గదిలోకి వెళ్ళి, నన్ను గోడకి ఆనించాడు.

"దించేశావు కదూ," అన్నాడు మన్సు.

"లేదే."

"కిటికీలోంచి చూశాను. పోయే పటం చిన్నదవుతూ పోవాలి. అది పెద్దదవుతూ వచ్చింది."

తోల్సే చొక్కాలోంచి పటం తీసి గచ్చు మీద పడేశాడు. ముక్కు ఎగబీల్చాడు. "కొట్టు. అమ్మకి చెప్పు. నీ దగ్గు పోకపోతే నా వల్లే."

మన్సు దగ్గి, ఊపిరి తిప్పుకున్నాడు. "నాకు కోపం దానికి కాదురా. నువ్వు కొండ పైదాకా పరిగెత్తుకుంటూ వెళ్ళావు. మధ్యలో ఎక్కడా ఆగలేదు. ప్రతి ఏడూ కిటికీలోంచి నిన్ను చూస్తుంటే నాకు ఎంత మంటగా ఉంటుందో తెలుసా? నీ కాళ్ళు విరిగితే బావుణ్ణని కూడా అనుకున్నాను."

"నా కాళ్ళా?" తోల్సే కాళ్ళు దగ్గరికి ముడుచుకున్నాడు.

ఆ గదిలో కుళ్ళుమోతుని నేనొక్కదాన్నే అనుకున్నాను ఇన్నాళ్ళూ.

మర్నాడు మన్సు, తల్లిని కుంచె అడిగి తీసుకుని, తన పేరు పక్కనే 'తోల్సే' అని రాశాడు. "నన్ను కొండమీదికి మొయ్యి. దారం నేనే వదులుతా," అన్నాడు. తల్లి వాగుకి బట్టలుతకడానికి వెళ్ళగానే తోల్సే వాణ్ణి వీపుమీద ఎక్కించుకుని కొండెక్కాడు. ఈసారి చాలాచోట్ల ఆగాడు.

ఖాళీ ఆకాశంలో ఒక్కటే పటం లేచేసరికి ఊరంతా చూసింది. "ఒరేయ్, నిన్న మీ ఇంటికి చంద్రుడు రాలేదా?" అని పిల్లలు ఈలలు వేశారు. వాగు దగ్గర ఆడవాళ్ళు నోళ్ళు నొక్కుకున్నారు.

తల్లి బట్టలు దంచే కర్ర చేతపట్టుకునే ఉరుక్కుంటూ వచ్చింది. పటం చూసింది. నిన్నటి అబద్ధం అర్థమైంది. కర్ర ఎత్తింది కూడా. అంతలో పటం కాస్త కిందికి వాలి, ఇటు తిరిగి, రెండో పేరు కనిపించింది.

వెనకే వచ్చిన పొరుగావిడ, "ఏమమ్మా, మీ ఇంట్లో పున్నమి ఇవాళా?" అని దెప్పింది.

కర్ర మెల్లగా దిగింది. "మాకు ఇద్దరు పిల్లలు. ఒక్కరోజు చాల్లేదు," అంది తల్లి.

తోల్సే తిరిగి చూడలేదు. వాడి చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

వత్తి లేదు. మన్సు దారమంతా వదిలాడు. చివర నా నడుముకి ఉన్న ముడి దగ్గర వాడి గోళ్ళకి అది ఊడకపోతే, తోల్సే పళ్ళతో కొరికి విప్పాడు. దారం జారిపోయింది. అన్నేళ్ళలో నేను ఒట్టి చెక్కనై మిగలడం అదే మొదలు. పటం చిన్నదవుతూ పోయింది. నా దారాన్ని కూడా తీసుకుపోయింది. దొంగది.

ఉబ్బసం ఎక్కడికీ పోలేదు. మన్సు ముసలివాడయ్యేదాకా పిల్లికూతలతోనే బతికాడు, మనవల్ని ఆ కూతలతోనే తిట్టాడు. అన్నదమ్ముల మధ్య ఈర్ష్య కూడా పోయిందని నేను చెప్పను. తండ్రి పోయాక ఇల్లు పంచుకున్నప్పుడు పొలంముక్క దగ్గర, కుండల దగ్గర సర్దుకున్నారు. నా దగ్గరికి వచ్చేసరికి గొంతులు లేచాయి.

"నాన్న నాకోసం చేశాడు!"

"తిప్పి అరగదీసింది ఎవరు?"

భార్యలు చెవులు మూసుకున్నారు. నేను మాత్రం ఒక్క మాట కూడా పోనివ్వకుండా విన్నాను. నాకోసం పోట్లాట! చివరికి ఒక చలికాలం అక్కడ, ఒక చలికాలం ఇక్కడ అని తేల్చింది తల్లే. నన్ను అప్పగించడానికి వచ్చిన తమ్ముడు అన్నం తిని వెళ్ళేవాడు. తీసుకెళ్ళడానికి వచ్చిన అన్న ఆయాసం తగ్గేదాకా అని చెప్పి రెండు రోజులుండేవాడు.

ఇప్పుడు నేను ఒక మ్యూజియంలో అద్దాల పెట్టెలో ఉన్నాను. చీటీ మీద 'వాడినవారు తెలియదు' అని రాశారు. నా పక్కన ఒక గాలిపటం వేలాడదీశారు. నిన్నగాక మొన్న చేసింది, ఒక్కనాడూ ఎగరలేదు. లైటు దాని మీదే. వచ్చేవాళ్ళంతా ఆ చిల్లు కాగితాన్నే చూసి, "అబ్బ, ఎంత బావుందో!" అంటారు. అననీండి. నా పిడి దగ్గరికి వంగి చూస్తే ఒకచోట లోతుగా అరిగి ఉంటుంది, అది తోల్సే చెయ్యి. దాని పైన, చాలా పల్చగా, ఇంకొక నొక్కు ఉంటుంది. ఆనాడు కొండ మీంచి పోయిన కాగితం మీద రాసిన పేర్లు ఏ వానకో కరిగిపోయి ఉంటాయి.